పాలపిట్టకు రెండు మార్కులు

తెలుగు ఉపన్యాసకునికి పక్షులతో గల పరిచయము సామాన్యమైనది కాదు. హంసను రాయబారానికి పంపుతాము. చకోరానికి వెన్నెల త్రాగిస్తాము. చాతకాన్ని వానచినుకు కొరకు నోరు తెరిపించి నిలబెడతాము. చక్రవాక దంపతులను ప్రతి సాయంకాలమూ నిర్దాక్షిణ్యంగా విడదీస్తాము. పదేండ్లుగా తరగతి గదిలో ఇన్ని పక్షులను ఎగురవేసిన మేము, వాటిలో ఒక్కదానినైనా కన్నులారా చూచి ఎరుగమన్న సంగతి గడచిన జనవరిలో గాని మాకు తట్టలేదు.

దానికి ముందు జరిగిన కథ ఒకటి చెప్పవలెను. దసరా సెలవుల అనంతరము ద్వితీయ సంవత్సరపు విద్యార్థులను పండుగ మీద ఒక వ్యాసము వ్రాయమన్నాము. నర్సంపేట వైపు పల్లె నుండి వచ్చే ఒక విద్యార్థి, జమ్మి చెట్టు సంగతి, పాలపిట్టను చూచి వచ్చే సంగతి చక్కగానే వ్రాసి, మధ్యలో ఇట్లన్నాడు: "పాలపిట్ట కూర్చుంటే మట్టిరంగు, ఎగిరితే ఆకాశం." మేము ఎర్రసిరాతో ఆ వాక్యము చుట్టూ గీత గీసి, ప్రక్కన "పరస్పర విరుద్ధము" అని వ్రాసి, రెండు మార్కులు తగ్గించినాము. అంతటితో ఊరుకొన్నా బాగుండెడిది. తరగతిలో చదివి వినిపించినాము కూడా. అందరూ నవ్వినారు. మేమూ నవ్వినాము. మరునాటి నుండి అతడు ముందు బెంచీ విడిచి గోడ ప్రక్కకు జరిగినాడు. మేము దానిని గమనించినాము గాని, పట్టించుకొనలేదు.

జనవరిలో ఒక ఆదివారము పన్నెండుగురు విద్యార్థులతో పాకాల బయలుదేరినాము. మాతో బాటు ఉర్దూ ఉపన్యాసకులైన మా మిత్రులు కూడా వచ్చినారు. వరంగల్లుకు సుమారు 50 కిలోమీటర్ల దూరములో, కాకతీయ గణపతిదేవుని కాలమున, 1213 ప్రాంతములో, కొండల నడుమ కట్ట వేసి నిలిపిన చెరువది. చుట్టూ ఉన్న అడవిని 1952లో అభయారణ్యముగా ప్రకటించినారు. పులి కనబడునా అని బస్సులో ఒకరు అడిగినారు. కనబడితే మనము ఏమి చేయవలెనని మరొకరు అడిగినారు. ఆ చర్చ నర్సంపేట దాకా సాగినది.

పులి రాలేదు. వచ్చినవి కోతులు. ఉర్దూ మిత్రుల ఇంటినుండి వచ్చిన పరాటాలను ఒక పెద్ద కోతి డబ్బాతో సహా చెట్టెక్కించి, ఆవకాయ మాత్రము మాకు వదలినది. "దానికి కారము పడదు, మర్యాద తెలుసును," అని మిత్రులు దానిని వెనకేసుకొని వచ్చినారు.

భోజనము తేలికైనందున కండ్లకు తీరిక చిక్కినది. కట్టమీద నడచుచుండగా ఆ గోడప్రక్క విద్యార్థి ఒక్కొక్క పిట్టను చూపసాగినాడు. రెక్కలు ఆరబెట్టుకొనుచున్నది నీటికాకి. రాయి విసిరినట్లు నీటిలో పడినది లకుముకిపిట్ట. పొదమీద నల్లని జుట్టుతో, తోక క్రింద ఎర్రని మచ్చతో ఉన్నది పిగిలిపిట్ట.

"దీనినే బుల్‌బుల్ అంటారు గదా సార్?" అని అతడు ఉర్దూ మిత్రులను అడిగినాడు. మిత్రులు చాలాసేపు ఆ పిట్టను చూచినారు. పారసీక కవుల బుల్‌బుల్, గులాబీ కొరకు రాత్రులు పాడే పక్షి, వేరు. మన పెరటిలో పండ్లు తినే ఈ పిట్టకు ఆ పేరు ఇక్కడ అతికినది. "భాయి సాబ్, ఇన్నాళ్ళు నేను విరహము నేర్పినది దీని పేరుమీదనా!" అన్నారు. మేము నవ్వబోయి, చక్రవాకము గుర్తుకు వచ్చి ఆగినాము. చలికాలములో హిమాలయముల ఆవలినుండి మన చెరువులకు వచ్చే నారింజరంగు బాతే చక్రవాకమని పండితులు అంటారు. పల్లెలలో దానిని బాపనబాతు అంటారు. ఆనాడు అది పాకాలలో మాకు కనబడలేదు. కనబడినా గుర్తుపట్టి ఉండెడివారము కాము.

పిట్టలను చూచుట పనిలేనివారి పని అని కమిటీ పెద్దలు భావించకుండ ఒక మనవి. వరంగల్లు హైదరాబాదు సంస్థానములో ఉన్న కాలమున, 1931-32లో, ఆ సంస్థానపు పక్షులను సర్వే చేసినవారు సలీం అలీ. ఆయనకు విశ్వవిద్యాలయపు పట్టము లేదు. అందువలన ప్రభుత్వోద్యోగము చేజారినది. అదే ఆయన 1976లో పద్మవిభూషణ్ అందుకొన్నారు. విద్యార్థులు ఇందులో మొదటి భాగమును మాత్రమే ఆదర్శముగా తీసుకొనరాదు.

తిరుగుదారిలో, పొలముల నడుమ కరెంటు తీగమీద ఒక పిట్ట కూర్చున్నది. పెద్ద తల, ముద్దగా ఉన్న ఒళ్ళు, ఎండిన మట్టిపెళ్ల వంటి రొమ్ము. "ఆ మట్టిరంగు పిట్ట ఏమి నాయనా?" అని అడిగినాము. అతడు మావైపు చూచినాడు గాని పేరు చెప్పలేదు.

"కొంచెం ఆగండి సార్," అన్నాడు.

ఆగినాము. క్రింద గడ్డిలో ఏదో మిడత కదలినది కాబోలు, పిట్ట తీగను వదలి రెక్కలు విప్పినది. ముదురు నీలము, లేత నీలము, మరల ముదురు నీలము. నేలమీద వాలి, రెక్కలు ముడిచి, తిరిగి మట్టి అయినది. 2014 నుండి మన తెలంగాణకు రాష్ట్రపక్షిగా ఉన్న పాలపిట్ట అది. ప్రతి దసరాకు ఎగురుచుండగా చూచి దండము పెట్టేవారిని చూచినాము. కొన్నిచోట్ల చట్టవిరుద్ధముగా పంజరములో పెట్టి పైసలకు చూపేవారినీ చూచినాము. అది తీరికగా కూర్చుండగా మేము ఎన్నడూ చూడలేదు. చూచినవాడు వ్రాసినాడు. మేము గీత గీసినాము.

అతడు ఆ సంగతి ఎత్తలేదు. బస్సులోనూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే మాకు కొంత సులువుగా ఉండెడిది.

సోమవారము తరగతిలో అతని నోటుబుక్కు అడిగి, ఆ వాక్యమును మరల బిగ్గరగా చదివినాము. విద్యార్థులు అలవాటుగా నవ్వబోయినారు. "దిద్దినవానిది తప్పు, వ్రాసినవానిది కాదు," అని చెప్పి, ఎర్రసిరా మాటను ఎర్రసిరాతోనే కొట్టివేసి, రెండు మార్కులు తిరిగి కలిపినాము. తరువాత పాఠము తీసినాము. దురదృష్టవశమున ఆనాటి పద్యములో చక్రవాకము ఉన్నది.

"సార్, చక్రవాకాన్ని మీరు చూసినారా?" అని వెనుకనుండి ఒకరు.

"లేదు."

గోడప్రక్కనుండి ఒక గొంతు, "సంక్రాంతి సెలవులలో మా ఊరి చెరువుకు రండి సార్. పొద్దున ఆరింటికల్లా రావలె," అన్నది. బస్సు ఎన్నింటికని అడిగి, వేళను హాజరుపట్టీ అంచున వ్రాసుకొన్నాము.