పాసు పురాణం

'పాసు' అన్న మాట వినగానే మన కాలేజీలో ఎవరికైనా గుర్తొచ్చేవి రెండే. ఒకటి పరీక్ష పాసు, రెండోది బస్సు పాసు. మొదటిది డబ్బిచ్చి కొనుక్కునేది కాదు. రెండోదాని లెక్క బహు సులభం. నెలకి ఇరవయ్యో ఇరవై రెండో రోజులు కాలేజీకి రాక తప్పదు, ఇంటికీ కాలేజీకీ మధ్య దూరం మారదు, కనుక పాసు తీసుకున్నవాడు తెలివైనవాడు. మాలాంటి ఆడపిల్లలకైతే 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టే లేదు గనక ఆ లెక్క కూడా తప్పిపోయింది.

నేను చెప్పబోయేది మూడో రకం పాసు. దాని పేరు స్పా పాసు. అది ఉండేది సముద్రం మీద తిరిగే విహార నౌకల్లో. ఆలమూరులో పుట్టి, గోదావరి మీద పంటు తప్ప మరో నౌక ఎక్కని దానికి ఆ గొడవ ఎందుకని చదువరులు అడగవచ్చు. ఆర్థికశాస్త్రం చదువుతున్న పాపానికి దాని మీద తీర్పు చెప్పే పని నా నెత్తిన పడింది మరి.

మా అన్నయ్య హ్యూస్టన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. 2024లో అమ్మా నాన్నగారూ వాడి దగ్గరికి వెళ్ళారు. ఇంటికి కాపలా నేనూ మా నాయనమ్మా. డిసెంబరు సెలవుల్లో అన్నయ్య గాల్వెస్టన్ రేవు నుంచి ఏడు రాత్రుల ఓడ ప్రయాణానికి అందరికీ టికెట్లు తీశాడు. ఓడ మెక్సికోలో కోజుమెల్, కోస్టా మాయా, హోండూరాస్‌కి చెందిన రొవాటాన్ దీవి చూపించి మళ్ళీ గాల్వెస్టన్‌కే తెచ్చి దింపుతుంది. ఎక్కే రోజూ దిగే రోజూ తీసేస్తే మధ్యలో ఆరు పూర్తి రోజులు. మూడు రేవుల్లో, మూడు నట్టనడి సముద్రంలో.

ప్రయాణం వారం ఉందనగా, ఇక్కడ తెల్లవారి పాలు కాచే వేళకి అన్నయ్య ఫోను. "చెల్లాయ్, అమ్మకి స్పా పాసు తీసుకోనా వద్దా? నువ్వు లెక్క వేసి చెప్పు."

ఆ ఓడల్లో తిండీ, పడకా, ఆటాపాటా చాలావరకు టికెట్టులోనే కలిసి ఉంటాయి. ఈతకొలనులూ, వేడినీటి తొట్లూ, వ్యాయామశాలా కూడా సాధారణంగా అంతే. స్పా మాత్రం వేరే. అందులో ఆవిరి గది ఉంటుంది, పొడివేడి గది ఉంటుంది, కొన్ని ఓడల్లో నీటి ధారలు ఒంటికి తగిలే వెచ్చటి కొలను కూడా ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, లోపలినుంచి వేడెక్కే పలకల పడకలు. వీపు ఆనించి పడుకుంటే నడుముకీ కాళ్ళకీ సన్నటి సెగ తగులుతూ ఉంటుంది. ఎదురుగా అద్దం, అద్దం అవతల సముద్రం. పాసు ఉన్నవాళ్ళు ప్రయాణం పొడుగునా ఎన్నిసార్లయినా వెళ్ళొచ్చు, ఎంతసేపయినా ఉండొచ్చు. జనం కిక్కిరిసిపోకుండా చాలా ఓడల్లో ఇన్ని పాసులే అని పరిమితి పెడతారు. ఒళ్ళు పట్టించుకోవడం ఇందులో కలవదు. దానికి విడిగా రుసుము, దానిపైన నూటికి పద్దెనిమిదో ఇరవయ్యో చొప్పున బహుమానం కూడా బిల్లులోనే వేసేస్తారు.

ఇదంతా విని నాయనమ్మ, "ఏవిటే, పడుకోడానికి డబ్బులా?" అంది. ఆర్థికశాస్త్రంలో ఇంత మంచి ప్రశ్న నన్నింతవరకు ఎవరూ అడగలేదు.

సరే, కాగితం పెన్సిలు తీసుకున్నాను. అన్నయ్య చెప్పిన ధరల ప్రకారం వారం మొత్తానికి పాసు మనిషికి 200 డాలర్లు. ఒక్క రోజుకయితే 45. డాలరు 85 రూపాయల లెక్కన వారం పాసు 17,000 రూపాయలు. మా ఇంట్లో పెద్ద ఖర్చేదయినా చివరికి ధాన్యంలోకి మార్చి చూసుకోవడం అలవాటు. ఆ ఏడు సాధారణ రకానికి మద్దతు ధర క్వింటాలు 2,300. అంటే మా వైపు డెబ్బై అయిదు కిలోల బస్తా 1,725. వెరసి పాసు ఖరీదు ఇంచుమించు పది బస్తాల ధాన్యం! అమ్మకి ఈ మార్పిడి తెలిసిందా, ఓడ దిగి ఈదుకుంటూ ఒడ్డుకొచ్చేస్తుంది.

ఇక రోజుల లెక్క. 200ని 45తో భాగిస్తే నాలుగున్నరకి కొంచెం తక్కువ. కనుక అయిదు రోజులు వెళ్తేనే వారం పాసు గిట్టుబాటు. రేవు వచ్చిన రోజుల్లో అందరూ ఊరు చూడటానికి దిగుతారు. మిగిలేవి సముద్రం మీది మూడు రోజులు. మూడు నలభై అయిదులు 135. కాబట్టి ఏ రోజుకారోజు టికెట్టు కొనుక్కోవడమే లాభం. పరీక్షలో అయితే ఈ జవాబుకి పూర్తి మార్కులు వేస్తారు.

ఈ జవాబుని బలపరిచే పరిశోధన కూడా ఉంది. స్టెఫానో డెల్లావిన్యా, ఉల్రికే మాల్మెండియర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2006లో అమెరికా వ్యాయామశాలల లెక్కలు బయటపెట్టారు. నెలకి 70 డాలర్ల పైన చందా కట్టినవాళ్ళు సగటున నెలకి 4.3 సార్లు మాత్రమే వెళ్ళారట. అంటే ఒక్కోసారికి 17 డాలర్లకి పైగా పడింది. పది సార్ల టికెట్టు పుస్తకం కొనుక్కుంటే సారికి పది డాలర్లతో పోయేది. పాసు కొనేటప్పుడు మనం కొనేది మన ఉత్సాహాన్ని. వాడేటప్పుడు వెళ్ళేది మన ఒళ్ళు. ఆ రెండూ ఒక్కటి కావు.

అయితే అన్నయ్యకి జవాబు రాసేముందు ఒక సంగతి తోచింది. కాగితం మీద ఎవరో ఒక మనిషికి లెక్క వేశాను. వెళ్ళేది మా అమ్మ కదా!

మా అమ్మ సంగతి టూకీగా చెప్తాను. తెల్లవారుజామున నాలుగున్నరకి లేస్తుంది. ఏళ్ళ తరబడి కత్తిపీట ముందూ, రోలు ముందూ, పొయ్యి ముందూ గొంతుక్కూర్చుని చాకిరీ చేసి మోకాళ్ళు అరగదీసుకుంది. పండగకి మా అందరికీ తలంట్లు పోస్తుంది. నువ్వులనూనె కాచి మాడున పెట్టి, సున్నిపిండితో నలిచి, కుంకుడు రసంతో రుద్ది, ఒకరి తరవాత ఒకరిని లేపుతుంది. తన వంతు వచ్చేసరికి కాగులో నీళ్ళు అడుగంటి ఉంటాయి, అవీ చల్లారి ఉంటాయి. "నాకేం, నేను తరవాత పోసుకుంటాలే" అంటుంది. నేను పుట్టింది మొదలు ఆ 'తరవాత' వచ్చిన పండగ చూడలేదు.

ఓడలో అమ్మ ఏం చేస్తుంది? ఈతకొలనులో దిగదు. నాట్యశాలకి పోదు. మాంసం ముట్టదు గనక ఆ విందుల్లో సగం ఆవిడవి కావు. పైగా మా కోనసీమ వాళ్ళకి సముద్రమంటే వేడుక కంటే భయం ఎక్కువ. 1996 నవంబరు 6 రాత్రి తుపాను చూసినవాళ్ళు నీళ్ళని ఊరికే చూస్తూ కూర్చోలేరు. ఓడ బయలుదేరే గాల్వెస్టన్ కూడా అలాంటి ఊరే. 1900 సెప్టెంబరులో వచ్చిన తుపాను అక్కడ కొన్ని వేల ప్రాణాలు తీసిందనీ, ఆ తరవాతే సముద్రపు గోడ కట్టారనీ అన్నయ్య చెబితే, "మన్లాంటి వాళ్ళేరా పాపం" అందట అమ్మ. అలాంటి మనిషి డెక్కు మీద కుర్చీ వేసుకుని ఎంతసేపు కూర్చుంటుంది? గదిలోకి వెళ్ళి పిల్లల బట్టలు మడతపెడుతుంది. టికెట్టు డబ్బు అప్పటికే ఇచ్చేశారు. దాన్ని అందరికంటే తక్కువ వాడుకునేది ఆవిడే.

రోజు టికెట్టు కొందామంటే ఏమవుతుంది? మూడు రోజులు మూడుసార్లు అడగాలి. "అమ్మా, ఇవాళ 45 డాలర్లు కడదామా?" అంటే మూడుసార్లూ వద్దంటుంది. కాగితం మీద లాభమైన పద్ధతిలో అమ్మ ఒక్కరోజు కూడా ఆ సెగ ఎరగదు. వారం పాసు అయితే ఒక్కసారి ఒప్పిస్తే చాలు. ఆ పైన ఒప్పించే పని ఆ 200 డాలర్లే చేసుకుంటాయి. ఎందుకంటే మా అమ్మ దేన్నయినా సహిస్తుంది గాని దండగని సహించదు. మిగిలిన అన్నం పొద్దున్నే చద్దన్నం కావలసిందే, చిరిగిన చీర బొంత కావలసిందే.

మా శాస్త్రంలో తిరిగిరాని ఖర్చు అని ఒకటుంది. ఇచ్చేసిన డబ్బు ఎలాగూ రాదు, ఇక ముందు చేసే పనిని దాన్నిబట్టి నిర్ణయించుకోవడం అవివేకం అని పాఠం. కాని మనుషులు అలా చెయ్యరు. 1985లో హాల్ ఆర్క్స్, కాథరిన్ బ్లూమర్ అనేవాళ్ళు ఒహాయో విశ్వవిద్యాలయంలో నాటకాల సీజను టికెట్లు కొనడానికి వచ్చిన కొందరికి పూర్తి ధరకీ, కొందరికి తగ్గింపు ధరకీ ఇచ్చి చూశారు. సీజను మొదటి సగంలో పూర్తి ధర ఇచ్చినవాళ్ళే ఎక్కువ నాటకాలకి వచ్చారు. నాటకం అందరికీ ఒకటే. లాక్కొచ్చింది ఇచ్చిన డబ్బు. పుస్తకాలు దీన్ని బలహీనత అంటాయి. అనుకోనివ్వండి. తనకోసం ఎన్నడూ ఒక్క గంట తీసుకోని మనిషిని పడుకోబెట్టడానికి ఈ బలహీనత కంటే బలమైన సాధనం నాకు కనబడలేదు.

"అమ్మకొక్కదానికే వారం పాసు తీసుకో. రోజు టికెట్టు వద్దు. ధాన్యంలోకి మార్చి చెప్పకు," అని అన్నయ్యకి రాశాను. రెండు షరతులు కూడా పెట్టాను. అమ్మకి కొంచెం రక్తపోటు ఉంది. వేడి గదులు అందరికీ పడవు కనుక ముందు డాక్టరుని అడగాలి. రెండోది, ఓడ ఎక్కిన రోజున స్పా అందరికీ ఊరికే తిప్పి చూపిస్తారు. కొనేముందు అమ్మని అక్కడికి తీసుకువెళ్ళాలి. ఎందుకంటే అసలు చిక్కు డబ్బు కాకపోవచ్చు. ఆ కొలనులో దిగాలంటే ఈతదుస్తులు ఉండాలి. ఆడా మగా కలిసి ఉండే చోటు. అమ్మ సిగ్గుపడి గుమ్మంలోనుంచే తిరిగొస్తే ఏ లెక్కా పనికిరాదు.

డాక్టరు ఆవిరి గది వద్దని, వెచ్చటి పడక ఫరవాలేదని చెప్పారు. నీళ్ళు బాగా తాగమన్నారు. ఓడ ఇంకా రేవులో ఉండగానే అన్నయ్య వీడియోలో చూపించాడు. పడకల మీద జనం పొడుగాటి తెల్ల అంగీల్లో ఒళ్ళంతా కప్పుకుని పడుకున్నారు. అమ్మ ఒక పలక మీద చెయ్యి ఆనించి చూసింది. చెయ్యి తియ్యకుండా, "అత్తయ్యగారూ, ఇది నులకమంచం కింద కుంపటేనండీ!" అంది.

మా నాయనమ్మ ఫోను దగ్గరగా లాక్కుని చూసి, "అవునే, పురిటి సెగే!" అంది.

నాకు ఇంకేమీ మాట రాలేదు. మా ఇళ్ళల్లో ఆడదాన్ని ఒక మంచం మీద పడుకోబెట్టి, కింద కుంపటి పెట్టి, 'నువ్వు లేవకు' అనేది పురిట్లోనే. మా అమ్మకి అన్నయ్య పుట్టినప్పుడు ఒకసారి, నేను పుట్టినప్పుడు ఒకసారి. మూడోది ఈ ఓడ మీద.

నాన్నగారు పాసు వద్దన్నారు. "డెక్కు మీద గాలి ఉచితం. నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి," అన్నారు. అన్నయ్యా వదినా కూడా కొనలేదు. చిన్నపిల్లలున్నవాళ్ళకి ఆ పాసు నిజంగానే దండగ. పిల్లల్ని లోపలికి రానివ్వరు, వదిలి వెళ్ళే తీరిక వీళ్ళకి ఉండదు. హాయిగా ఎక్కడపడితే అక్కడ కునుకు తీయగల అదృష్టవంతులకీ అది అక్కర్లేదు.

అమ్మ ఆరు రోజులూ వెళ్ళింది. సముద్రం మీది రోజుల్లో పడకలన్నీ నిండిపోతాయని కనిపెట్టి, అలవాటు కొద్దీ తెల్లారకుండానే లేచి తలుపు తీసే వేళకి వెళ్ళేదట. రేవు రోజుల్లో రొవాటాన్‌లో దిగనే లేదు. ఊరంతా ఖాళీ అయినట్టు ఓడ ఖాళీ అయింది, ఆ గదిలో తనూ ఇంకో ఇద్దరు ముసలమ్మలూ మిగిలారు. భాష రాకపోయినా ముగ్గురూ మోకాళ్ళు చూపించుకుని నవ్వుకున్నారట.

తిరిగి వచ్చాక అడిగాను, "నొప్పులు తగ్గాయా అమ్మా?"

"అరిగిన మోకాళ్ళు సెగకి అతుక్కుంటాయేంటే? అక్కడున్నంతసేపూ హాయి, లేచాక మామూలే," అంది. కాసేపాగి, "కాని వారం రోజులు నన్నెవరూ లేపలేదు," అంది.

ఇప్పుడు స్పా పాసు కొనాలా వద్దా అని నన్నెవరయినా అడిగితే ధరకంటే ముందు రెండు ప్రశ్నలు వేస్తాను. సముద్రం మీద ఎన్ని రోజులు? వెళ్ళే మనిషి అడక్కుండా విశ్రాంతి తీసుకునే రకమా, తీసుకోని రకమా? మూడు రాత్రుల ప్రయాణమయితే, మనిషి మొదటి రకమయితే, డబ్బు జేబులో ఉంచుకోమంటాను. రెండో రకమయితే వెంటనే కొనమంటాను. వాళ్ళ ఎదుటనే డబ్బు కట్టమంటాను కూడా.

ఓడ ఎక్కలేనివాళ్ళకి ఇదే సూత్రం ఇంట్లోనూ పనిచేస్తుంది. 2025 దీపావళి నాడు నేను అమ్మకంటే ముందు లేచి నూనె కాచాను, కాగు నిండా నీళ్ళు మరిగించాను. పీట వేసి పిలిస్తే, "ముందు మీరు కానివ్వండి, నేను తరవాత పోసుకుంటాను," అంది ఎప్పట్లాగే.

"నూనె నీ ఒక్కదానికే కాచానమ్మా. ఇంకెవరికీ పనికిరాదు. పారబోస్తే దండగ," అన్నాను.

నూనె గిన్నె వైపు ఒకసారి చూసి, కొంగు దోపుకుని, పీట మీద కూర్చుంది.