తడి బూట్లకు నిప్పు వద్దు, గాలి కావాలి

పట్టుచీర మీద నూనె మరకకూ, కందిపప్పులో పురుగుకూ ఎన్ని చిట్కాలు చదువుకోలేదు మనం! మగవాళ్ళ బూట్ల గురించి మాత్రం ఎవరూ రాయరు. "అందులో రాయడానికేముంది?" అంటారేమో. ఒకసారి మా ముద్దనూరు వచ్చి చూడండి. ఇటు థర్మల్ పవర్ స్టేషన్, అటు ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు. తెల్లారితే తోలు బూట్లు తొడుక్కుని డ్యూటీకి పోయే మగవాళ్ళు వీధివీధినా కనబడతారు.

మాది ఎండల సీమే. మామూలు రోజుల్లో అరుగు మీద పెట్టిన బూటు దానంతటదే ఆరిపోతుంది. కార్తీకంలో ముసురు పట్టిందంటేనే వస్తుంది తంటా. మా వారికి ఉన్నది ఒకటే జత. పైగా ఆయనకు ఎనిమిదేళ్ళుగా షుగరు. తడి బూటులో నానిన కాలికి వేళ్ళ సందున చర్మం తెల్లగా మెత్తబడి చీలుతుంది. షుగరున్న వాళ్ళకు పాదాల్లో స్పర్శ తగ్గుతుంది కాబట్టి పుండు పడినా తెలీదు. అశ్రద్ధ చేస్తే వేలు తీసేసేదాకా పోవచ్చు. అందుకే మా ఇంట్లో బూటు ఆరడమంటే చిన్న విషయం కాదండీ.

నేను చేసేది చెబుతాను. బూట్లు విప్పగానే లేసులు పూర్తిగా తీసేసి, నాలుకను బయటికి లాగుతాను. లోపలి మెత్తను తీసి విడిగా ఆరేస్తాను. నీళ్ళన్నీ దాని కిందే దాక్కుంటాయి మరి! పొడిగుడ్డతో లోపలంతా గట్టిగా అద్ది, పాత న్యూస్ పేపరు ఉండలు చుట్టి మునివేళ్ళ దాకా కూరుతాను. పేపరు తడి పీల్చుకున్నాక అక్కడే వదిలేస్తే లాభం లేదు. గంటకోసారి తీసి కొత్తది పెట్టాలి. పడుకోబోయే ముందు పేపరంతా తీసేసి, బూట్లను పక్కకు పడుకోబెట్టి, వాటి నోట్లోకి గాలి పోయేలా టేబుల్ ఫ్యాను పెడతాను. లోపలి తేమగాలి బయటికి పోతేనే కదా ఆరేది!

పోయిన కార్తీకంలో మా పెద్దాడు స్నేహితులతో గండికోట పోయాడు. పెన్నా నది ఎర్రమల కొండలను కోసిన ఆ లోయను చూడ్డానికి ఎక్కడెక్కడి వాళ్ళో మా ముద్దనూరు స్టేషన్‌లో దిగి పోతుంటారు. మనవాళ్ళు టెంటు వేసుకున్నారో లేదో, సాయంత్రం వాన. ఏడు గంటలకు ఫోను. "అమ్మా, బూట్లు ముద్దయిపోయినాయి, పొద్దున్నే కొండ దిగాల. ఇక్కడ ఫ్యాను లేదు, ఏం చేసేది?"

"మంట దగ్గర మాత్రం పెట్టొద్దు నాయనా" అన్నాను మొదట. తడి తోలుకు వేడి తగిలితే ముడుచుకుపోయి, గట్టిపడి, పగుళ్ళిస్తుంది. అడుగున అతికించిన జిగురు వదిలేస్తుంది. ఏట్లో రాళ్ళు కాల్చి బూట్లో వేసే తెలివీ వద్దన్నాను. నీళ్ళు పీల్చిన రాయి మంటలో పేలుతుంది.

మరేం చెయ్యాలంటే, మెత్త తీసి, తుడిచి, పేపరు లేకపోతే పొడి తువ్వాలు కూరాలి. స్టీలు సీసాలో వేడినీళ్ళు పోసి, మూత గట్టిగా బిగించి, గుడ్డ చుట్టి బూట్లో పెడితే లోపల్నుంచి మెల్లగా వెచ్చబడుతుంది. తర్వాత బూట్లు మంచు పడకుండా, గాలి ఆడేలా టెంటు పైగుడ్డ కింద ఉంచాలి. సాక్సులను పొడి తువ్వాల్లో చుట్టి, తొక్కి పిండాలి. కొద్దిపాటి తడే మిగిలితే దుప్పట్లో పొట్ట దగ్గర పెట్టుకుంటే ఒంటి వేడికి చాలావరకు ఆరతాయి. మన మాలావత్ పూర్ణ 2014లో 13 ఏళ్ళకే ఎవరెస్టు ఎక్కింది కదా! అలాంటి మంచు కొండల్లో వేసుకునే బూట్లకు లోపల ఊడి వచ్చే మెత్తని బూటు ఉంటుంది. రాత్రి దాన్ని పక్కలోనే పెట్టుకుని పడుకుంటారు.

మావాడు చెప్పినట్టు చేశాడు. వాడి స్నేహితుడు మాత్రం బూట్లు మంట పక్కన పెట్టి నిద్రపోయాడట. తెల్లారి చూస్తే అడుగు నోరు తెరిచింది! ఆ పిల్లాడు తాడు కట్టుకుని కొండ దిగాడు.

ఇంకో మాట. బయట ఉంచిన బూటును పొద్దున తలకిందులు చేసి గట్టిగా దులపకుండా కాలు పెట్టకూడదు. తేలుకు చీకటి సందంటే ఇష్టం. మన ఎర్ర తేలు విషం గుండెను దెబ్బతీస్తుంది, పిల్లలకు మరీ ప్రమాదం. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ గారు ప్రాజోసిన్ అనే మందుతో ఎందరినో బతికించి, 2022లో పద్మశ్రీ అందుకున్నారు. కాబట్టి తేలు కుడితే మంత్రాలంటూ పొద్దు పుచ్చక వెంటనే ఆసుపత్రికి పోవాలి.

ఇంత చేసినా వానాకాలం రాత్రి బూటు పూర్తిగా ఆరకపోవచ్చు. అప్పుడు కాలినైనా కాపాడుకోవాలి. 1914లో మొదలైన ప్రపంచ యుద్ధంలో కందకాల్లో తడి బూట్లతో రోజుల తరబడి నిలబడిన సైనికులకు పాదాలు కుళ్ళిపోయాయి. గడ్డకట్టే చలే అక్కర్లేదు, చల్లని తడి చాలు. చివరికి రోజూ పాదాలు తుడిచి సాక్సులు మార్చుకోవాలని సైన్యం ఆజ్ఞ వేసింది. కాబట్టి మీవాళ్ళు ఎక్కడికి బయల్దేరినా రెండు జతల పొడి సాక్సులు ప్లాస్టిక్ కవర్లో చుట్టి సంచి అడుగున పెట్టండి. ఒక జత రాత్రి నిద్రకే ఉంచుకోమనండి. ఇంట్లో షుగరున్న వాళ్ళుంటే మాత్రం పాదాలకు వేడినీళ్ళ సీసా ఆనించొద్దు, కాలినా వాళ్ళకు తెలీదు.

రోజూ రాత్రి మా వారు పడుకునే ముందు వేళ్ళ సందులు తుడిచి, దీపం వెలుగులో చూస్తాను. "బూటు కంటే నా కాళ్ళనే ఎక్కువ చూస్తున్నావే" అని నవ్వుతారు. నవ్వనీండి! బూటు పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు, కాలు కొనలేం కదా!