దొర్మాలో దాగిన ఆర్మేనియా

కోల్‌కతా బడాబజార్‌లో తోపుడు బళ్లను, మూటలు మోసే కూలీలను తప్పించుకుంటూ నడిస్తే 1724లో కట్టిన ఆర్మేనియన్ల నజరెత్ చర్చి ఎదురవుతుంది. గేటు దాటితే నిశ్శబ్దం, కాళ్ల కింద సమాధి ఫలకాలు. పట్టు, నీలిమందు వ్యాపారంలో ఒకప్పుడు చక్రం తిప్పిన ఆ సమాజంలో ఇక్కడ మిగిలింది కొద్దిమందే.

వారి జాడ బెంగాలీ వంటింట్లో మాత్రం పదిలం. ద్రాక్షాకుల్లో మాంసం చుట్టి వండే వారి దోల్మాయే ఇక్కడ 'పొటొలేర్ దొర్మా' అయిందంటారు. పర్వల్ కాయల్లో గింజలు తోడేసి చేపో, రొయ్యలో, కొబ్బరో కూరి, వేయించి, మసాలా పులుసులో ఉడికిస్తారు. గుత్తివంకాయ రుచి తెలిసిన నాలుకకు ఇది పరాయి వంటకమనిపించదు.

దోల్మా తయారీని యునెస్కో 2017లో అజర్‌బైజాన్ వారసత్వంగా గుర్తించింది. అది తమదేనంటారు ఆర్మేనియన్లు. ఆ తగవు కోల్‌కతాకు పట్టదు. వచ్చినవారి వంటను తన కాయలో కూర్చుకుంది, అంతే.