పదకొండు కిలోల లెన్సు కింద

హైదరాబాద్ కృష్ణానగర్‌లో కెమెరాలు అద్దెకిచ్చే షాపులకు తెల్లారకముందే పని మొదలవుతుంది. సినిమా గురించి రాసేవాళ్లం హీరో కారవాన్ దాకా వెళ్తాం గానీ ఈ షాపుల గడప తొక్కేది తక్కువ. బరువైన జూమ్ లెన్సును కెమెరాకు ఎలా బిగిస్తారో దగ్గరుండి చూడాలని ఒక షాపుకు వెళ్లాను.

ఆ రోజు బల్ల మీద ఫ్రాన్స్ కంపెనీ ఆంజెన్యూ తయారుచేసిన ఆప్టిమో 24-290 ఉంది. బరువు సుమారు 11 కిలోలు. దానితో వెళ్లబోయే అలెక్సా మినీ కెమెరా బాడీ 2.3 కిలోలే. లెన్సుకే కెమెరాను తగిలిస్తున్నట్టు లెక్క.

రెండింటినీ కలిపేది పీఎల్ మౌంట్ అనే ఉక్కు రింగు. బరువంతా దాని మీదే వేలాడితే మౌంట్‌కు దెబ్బ. మౌంట్ నుంచి సెన్సర్ దాకా 52 మిల్లీమీటర్ల దూరం కచ్చితంగా ఉండాలి. అందులో వెంట్రుకవాసి తేడా వచ్చినా, జూమ్‌లో స్పష్టంగా కనిపించిన ముఖం వైడ్‌కు వచ్చేసరికి మసకబారుతుంది.

షాపులో పాత కాపు అయిన కెమెరా అటెండర్ ట్రైపాడ్ కాళ్లతో మొదలుపెట్టారు. మూడింటిలో ఒక కాలు లెన్సు చూసే వైపుకు తిప్పారు. బరువు ముందుకు తూగితే ఆ కాలే ఆపాలి. కింద స్ప్రెడర్ వేసి, హెడ్ లెవెల్ చూసి, ప్లేటు బిగించి, కెమెరా ఎక్కించి, రాడ్లు దూర్చారు. చిన్న లెన్సులకు 15 మిల్లీమీటర్ల రాడ్లు చాలు, దీనికి 19వి పెట్టారు.

లెన్సు ఎక్కించడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. కుర్ర అసిస్టెంట్ రెండు చేతులతో ఎత్తి మౌంట్‌కు ఆనించాడు. అటెండర్ రింగు తిప్పి బిగించారు. "వదలకురా, ఇంకా అయిపోలేదు" అన్నారు. అతని మోచేతులు వణుకుతున్నాయి. అటెండర్ రాడ్ల మీద సపోర్ట్ జరిపి, లెన్సు అడుగుకు తెచ్చారు. తిరిగే ఫోకస్ రింగుకు తగలకుండా చూసి, స్క్రూ నెమ్మదిగా పైకి తిప్పారు. రెండో చేతి వేళ్లు మౌంట్ మీదే ఉన్నాయి. లెన్సుకు తగలగానే ఆపేసి లాక్ చేశారు. అప్పుడు గానీ కుర్రాణ్ని చేతులు తియ్యనివ్వలేదు.

"ఇంకో చుట్టు తిప్పితే ఇంకా గట్టిగా ఉండదా అన్నా?" అని అడిగాను.

"సపోర్ట్ లెన్సుకు ఆనాలి సార్, లెన్సును లేపకూడదు. లేపితే మౌంట్ పైకి వంగుతుంది. ఫ్రేములో ఒక అంచు షార్ప్‌గా, ఇంకో అంచు మెత్తగా వస్తుంది."

తర్వాత బ్యాలెన్స్. లెన్సు బరువు ముందుకు లాగుతుంది కాబట్టి కెమెరా మొత్తాన్ని వెనక్కి జరిపారు. హెడ్‌ను కిందికి వంచి హ్యాండిల్ వదిలేశారు. వంచిన చోటే నిలబడింది. చివరికి గోడ మీద నక్షత్రం చార్ట్‌ను జూమ్‌లో ఫోకస్ చేసి వైడ్‌కు లాగారు. గీతలు చెదరలేదు.

ఈ కొద్ది నిమిషాలను సెట్లో ఎవరూ ఇష్టంగా ఇవ్వరు. "ఇంకా రెడీ కాలేదా?" అన్న కేక ముందు వస్తుంది. షాట్ మసకబారితే నింద ఫోకస్ పుల్లర్ మీదికి పోతుంది. ఇది అన్యాయమని నా అభిప్రాయం. ఆ తప్పు చాలాసార్లు లెన్సు కింద ఉంటుంది.

చిన్న కెమెరాలతో షార్ట్ ఫిల్ములు తీసేవాళ్లకూ ఇది వర్తిస్తుంది. 70-200 లాంటి లెన్సుకు అడుగున కాలరు ఉంటే, ట్రైపాడ్‌కు బిగించాల్సింది ఆ కాలరునే గానీ కెమెరాను కాదు. పెద్ద లెన్సు అద్దెకు తీసుకుంటే రాడ్లు, సపోర్ట్ కూడా అడగండి. షాపులోనే ఒకసారి బిగించి చూసుకున్నాకే పెట్టె మూయండి.