కొబ్బరితాడు గోదావరి

ఏవండోయ్, పాఠం చెప్పడం కన్నా ఆ పాఠానికి పథకం రాసుకోవడంలోనే మజా ఎక్కువని మీకెవరైనా చెప్పారా? చెప్పరు. టీచర్లని అడిగితే రికార్డులు రాసి రాసి వేళ్ళరిగిపోయాయంటారు. ఉన్ముఖీకరణ, నల్లబల్ల పని, మూల్యాంకనం, ఇంటిపని... గళ్ళు గీసి నింపడమే గదా అని మీరూ పెదవి విరిచేస్తున్నారు. ఆగండి మరి!

మా ఎదురింటమ్మాయి బొమ్మూరు డైట్‌లో టీచరు ట్రైనింగ్ చదువుతోంది. సాయంత్రం పూట అరుగు మీద కూర్చుని గోదావరి పాఠానికి పథకం వేస్తోంది. నేను పొయ్యి మీద పప్పు వదిలేసి మరీ వెళ్ళి చూస్తున్నాను.

మామూలుగా ఏం చేస్తారు? మ్యాపు తగిలించి, కర్ర పెట్టి, "ఇదిగో, ఇక్కణ్ణించి ఇలా వెళ్ళి అక్కడ కలుస్తుంది" అంటారు. క్లాసులో చూపులేని పిల్లాడున్నాడనుకోండి. ఇక్కడ, ఇలా, అక్కడ... ఈ మూడింట్లో ఒక్కటైనా వాడికి పనికొస్తుందా, మీరే చెప్పండి. అందుకని ఈ పిల్ల చెప్పబోయే మాటలన్నీ ముందే రాసుకుంటోంది. ధవళేశ్వరం దిగువన నది చీలుతుంది, తూర్పున గౌతమి యానాం వైపు, పడమర వశిష్ట అంతర్వేదికి, మధ్యలో వశిష్టలోంచి వైనతేయ. చూశారా, కళ్ళు మూసుకున్నా కోనసీమ కనిపించేస్తోంది!

ఇక మ్యాపు. అట్ట మీద కొబ్బరితాడు అంటించింది. అఖండ గోదావరికి లావుతాడు, పాయలకి సన్నతాడు, ఆనకట్టకి అగ్గిపుల్లలు. అన్నట్టు, కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది 1852లో. ఆ జనవరిలోనే పారిస్‌లో, చూపులేనివాళ్ళకి చుక్కల లిపి ఇచ్చిన లూయీ బ్రెయిల్ పోయాడు. ఈ రెంటికీ ఏ సంబంధమూ లేదనుకోండి. కానీ ఆ పుల్లల్ని తడుముతుంటే గుర్తొచ్చింది, మీకు చెప్పకుండా నా నోరు ఊరుకుంటుందా?

పాపికొండలు, కాలవలు, రైలు వంతెన, అన్నీ పెట్టేద్దామని సరదా పడింది పాపం. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రంలో ప్రత్యేక ఉపాధ్యాయురాలికి చూపిస్తే సగం పీకించేసిందట. ఒకే అట్ట మీద అన్నీ కుక్కితే వేలికి దారి దొరకదట. వంతెన పీకుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంది. రాజమండ్రి మ్యాపులో వంతెన లేకపోవడమేంటండీ, చోద్యం కాకపోతే!

మళ్ళీ పథకంలోకి తొంగిచూస్తే, పక్క గడిలో "బల్లకేసి తిరిగి మాట్లాడరాదు" అని రాసుంది. వినికిడి తక్కువైన పిల్లలు పెదాల కదలిక చూసి అర్థం చేసుకుంటారుగా. మా చిన్నప్పటి మాస్టార్లు సగం పాఠం నల్లబల్లకే చెప్పారు. దానికి బాగానే వచ్చుంటుంది. ఆ కిందే ఇంకోటి: ప్రశ్న అడిగాక కాసేపు నోరు మూసుకుని ఆగాలట. ఆయ్, గోదావరోళ్ళకా చెబుతారు ఈ మాట?

చూపు, వినికిడితోనే అయిపోలేదండోయ్. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాని ఏడు నుంచి 21కి పెంచింది. అక్షరాలు కూడబలుక్కోవడమే కష్టమయ్యే డిస్లెక్సియా కూడా అందులోకి వస్తుంది. మా రోజుల్లో అలాంటివాళ్ళందరికీ కలిపి మొద్దావతారం అని ఒక్కటే పేరు, దానికి తోడు ఒక్కటే బెత్తం. ఈ పిల్ల ఇంటిపని గడిలో ఏం రాసిందో తెలుసా? నది కథ రాసైనా తేవచ్చు, నోటితోనైనా చెప్పచ్చు, బంకమట్టితోనైనా చెయ్యచ్చు. అన్యాయం కదూ! బంకమట్టి వరమిస్తే నేనీపాటికి కలెక్టర్నయ్యేదాన్ని.

టీచింగ్ ప్రాక్టీసులో ఆ మ్యాపు చూపులేని పిల్లాడి చేతిలో ఎంతసేపుందనుకున్నారు? మిగతా క్లాసంతా ఎగబడిపోయింది. కళ్ళు గట్టిగా మూసుకుని అంతర్వేది ఎవరు ముందు పట్టుకుంటారని ఒకటే పందేలు. ఆ కుర్రాడే గెలిచాడు లెండి. ఒకడు యానాం పోయి తేలాడు.

వచ్చే పాఠం భిన్నాలు. ఆత్రేయపురం పూతరేకులతో చెప్పమని సలహా పడేశాను. "తడిమితే పొడైపోతాయి పిన్నిగారూ" అంది. అదీ నిజమే. పోనీ తాపేశ్వరం మడతకాజా? పిల్ల ఇంకా ఆలోచిస్తోంది. నేను మాత్రం అరకిలో తెప్పించేశాను.