తాబేలుకు ఎంత పెట్టాలె?

మొయినాబాద్ దిక్కు ఫామ్‌హౌస్‌లల్ల ఎర్రచెవి తాబేళ్లు పెంచుడు బాగనే ఉంది. మనిషి నీడ పడితే చాలు, మెడ చాపుకుంట ఈదుకొస్తది. అయ్యో ఆకలేమోనని పిల్లలు తాబేలు మేత గింజలు (పెల్లెట్లు) పోస్తనే ఉంటరు. ఆకలి కాదది, అలవాటు! ఎప్పుడు పెట్టినా తింటది.

పిల్ల తాబేలుకు రోజూ పెట్టొచ్చు. పెద్దదైతే రెండు మూడు రోజులకోసారి, గింజలు దాని తలకాయంత. మించితే కొవ్వెక్కి కాళ్లు డిప్పలోకి ముడుచుకోలేదు, మిగిలింది కుళ్లి నీళ్లు కంపు కొడతయి. పెద్దదానికి ఆకులే ఎక్కువ ఉండాలె. చేవెళ్ల చుట్టూ అన్నీ కూరగాయల తోటలే, ఇంక కరువేంది? లెట్యూస్ వెయ్యండి, అప్పుడప్పుడు తురిమిన క్యారెట్. పాలకూర రోజూ వద్దు, దాంట్లోని ఆక్సలేట్లు కాల్షియంను ఒంటికి పట్టనియ్యవు. అన్నం, బ్రెడ్డు అసలే వద్దు.

విసుగొచ్చిందని గండిపేటలనో హిమాయత్‌సాగర్‌లనో వదలకండి. అది అమెరికా జాతి, మన తాబేళ్ల తిండికి, చోటుకు పోటీ. అట్లని చెరువులో దొరికిన మన తాబేలును ఇంటికి తెచ్చుకోకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసైతది.