పూచీ

1968లో హైదరాబాదులో జన్మించి, అమెరికాలో పెరిగిన విక్రమ్ ఆకులవారు 1997లో ఎస్.కె.ఎస్. సంస్థను స్థాపించి, నారాయణఖేడ్ ప్రాంతపు పేద స్త్రీలకు తాకట్టు లేని చిన్న అప్పులిచ్చినారు. లెక్కలను కంప్యూటరుకెక్కించి పల్లెలకు వేగముగా ధనమందించిన ఆ చాతుర్యము మెచ్చదగినదే. అయితే ఐదుగురు స్త్రీలు ఒకరికొకరు పూచీపడవలెనన్న నిబంధన వద్ద నా మనస్సు ఆగిపోవును. మా శాలిబండ సందులలో వడ్డీవాడు గుమ్మమెక్కినపుడు తలుపు మూసి బాధను దాచుకొనుటకైనా వీలుండెడిది. ఇచట ఇరుగుపొరుగు ఇల్లాండ్రే వాయిదా అడుగువారైనారు.

2010 ఆగస్టులో వాటాల అమ్మకమునకు 1,600 కోట్ల రూపాయలకు పైగా వచ్చినవి. అక్టోబరులో, ఋణగ్రస్తుల ఆత్మహత్యల వార్తల నడుమ, రాష్ట్ర ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చినది. 2011 నవంబరులో ఆకులవారు అధ్యక్షపదవిని వీడినారు. వడ్డీ హరామని బోధించు మా ఇండ్లలో సైతము అప్పు ఆగలేదు. పెండ్లికి, ప్రసవమునకు బంగారము ఇప్పటికీ తాకట్టుకు పోవుచునే ఉన్నది.